రెండో సర్వర్‌కూ లైసెన్స్ కట్టాలా? క్లస్టర్ కోసం డేటాబేస్ ఎడిషన్ ఎంచుకోవడం ఎలా

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి యజమాని రెండు పేజీల కొటేషన్ నా ముందుకు తోసి అడిగిన మొదటి మాట ఇది: "ఏమప్పా, ఆ రెండో సర్వరు ఊరికే కూర్చోని ఉంటాది గదా. దానికి గూడా దుడ్లు కట్టల్లా?"

హైదరాబాద్ నుంచి వచ్చిన కొటేషన్ అది. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్, రెండు సర్వర్లకూ, ఒక్కోదానికి 16 కోర్ల (ప్రాసెసర్‌లో పని చేసే భాగాల) చొప్పున. ఆసుపత్రి డేటా మొత్తం కలిపితే 60 జీబీ దాటదు. చీమను చంపడానికి రోకలి ఎత్తినట్టుంది. కానీ యజమాని అడిగిన ప్రశ్న మాత్రం సరిగ్గా అసలు చోటే తగిలింది. క్లస్టర్ అంటే ఒక సర్వర్ పోతే ఇంకోటి అందుకునేలా జత చేసిన సర్వర్లు. దాని లైసెన్స్ బేరమంతా ఆ రెండో సర్వర్ చుట్టూనే తిరుగుతుంది. అది ఖాళీగా ఉంటుందా, పని చేస్తుందా అన్నది మీరు ముందే తేల్చుకోకపోతే, మీ తరఫున డీలర్ తేల్చేస్తాడు. అతను ఏ వైపు తేలుస్తాడో వేరే చెప్పక్కర్లేదు.

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఆసుపత్రులు, పత్తి మిల్లులు, నాపరాళ్ల ఫ్యాక్టరీలు, బట్టల దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఎస్‌క్యూఎల్ సర్వరే. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ లాంటి వేరే డేటాబేస్‌లు చివర్లో వస్తాయి.

మొదట: క్లస్టర్ అసలు కావాలా?

యజమానిని రెండు ప్రశ్నలు అడగండి. సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఎంతసేపు ఓర్చుకోగలరు? తిరిగి లేచాక, చివరి ఎన్ని నిమిషాల ఎంట్రీలు మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధపడతారు? రెండింటికీ "ఒక్క నిమిషం గూడా కుదరదు" అనే జవాబే వస్తుంది. నమ్మకండి. ఉదయం ఓపీ రద్దీలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడి మీరే చూడండి. ఈ కర్నూలు ఆసుపత్రిలో ఓపీ చీటీలు అరగంట చేత్తో రాసుకోవచ్చు. క్యాజువాలిటీ, ల్యాబ్ మాత్రం పది నిమిషాలకే తడబడతాయి. కాబట్టి అక్కడ క్లస్టర్ అవసరమే.

ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణానికి మాత్రం నేను వద్దన్నాను. నాలుగు బిల్లింగ్ కంప్యూటర్లు, 3 జీబీ డేటా. దానికి ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ చాలు. 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉండేది, 2025లో దాన్ని 50 జీబీకి పెంచారు. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (వేళకు పనులు తనంతట నడిపే భాగం) ఉండదు కాబట్టి బ్యాకప్‌లను విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో నడిపించుకోవాలి. రోజుకు నాలుగుసార్లు బ్యాకప్ తీసి, ఒక కాపీ పక్క కంప్యూటర్‌లో, ఒకటి ఇంట్లో పెట్టుకుంటే, సర్వర్ పోయినా అరగంటలో దుకాణం మళ్లీ నడుస్తుంది. ఎక్స్‌ప్రెస్‌ను క్లస్టర్‌లో నోడ్‌గా, అంటే అందులోని ఒక సర్వర్‌గా, పెట్టలేరు. ఆ ప్రయత్నం చేయకండి.

ఈ రెంటికీ మధ్యలో లాగ్ షిప్పింగ్ అని ఒక పాత పద్ధతి ఉంది. పదిహేను నిమిషాలకోసారి లాగ్ (మార్పుల చిట్టా) బ్యాకప్ తీసి రెండో సర్వర్‌లో ఎక్కించడమే. ఎంటర్‌ప్రైజ్ కన్నా చవకైన స్టాండర్డ్ ఎడిషన్‌లోనే వస్తుంది. మారేటప్పుడు మనిషి చెయ్యి పడాలి, అంతే. రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి ఉన్న చోట ఇది చాలా మంచి ఏర్పాటు. దీనిలో గొప్ప ఏమీ లేదని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, చెడిపోవడానికి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు.

తర్వాత: కొలతలు తీయండి

ఒక వారంపాటు నడుస్తున్న సర్వర్ మీద నాలుగు సంగతులు రాసుకోండి: డేటాబేస్‌లు ఎన్ని, ఒక్కోటి ఎంత, రద్దీలో ప్రాసెసర్ ఎంత వాడుతోంది, మెమరీ ఎంత. ఇప్పుడు ఆ అంకెల పక్కన స్టాండర్డ్ ఎడిషన్ హద్దులు పెట్టండి. 2019, 2022 వెర్షన్లలో నాలుగు ప్రాసెసర్లు లేదా 24 కోర్లు, వీటిలో ఏది తక్కువైతే అది. డేటాను ఉంచుకునే బఫర్ మెమరీ 128 జీబీ. 2025లో ఇవి 32 కోర్లు, 256 జీబీ అయ్యాయి. మా వైపు ఈ హద్దులు తాకిన సంస్థ నాకింతవరకు తగల్లేదు. అంటే "మీ డేటా పెద్దది కాబట్టి ఎంటర్‌ప్రైజ్ కావాలి" అనే మాట దాదాపు ఎప్పుడూ చెల్లదు.

ఇక్కడే ఒక గుంట ఉంది. సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాళ్లు డెవలపర్ ఎడిషన్ మీద పని చేస్తారు. అది ఉచితం, 2022 వెర్షన్ వరకు ఎంటర్‌ప్రైజ్‌లో ఉన్నవన్నీ అందులో పనిచేస్తాయి. అక్కడ బ్రహ్మాండంగా నడిచింది స్టాండర్డ్ మీదికి రాగానే మొరాయిస్తుంది. ఆ డెవలపర్ ఎడిషన్‌నే నిజమైన పనికి వాడేద్దామా అంటే, లైసెన్స్ ఒప్పుకోదు. ఆసుపత్రి బిల్లు ఒక్కటి అందులో కొట్టినా తప్పే. మూల్యాంకనం కోసం ఇచ్చే ఎడిషన్ 180 రోజుల తర్వాత ఆగిపోతుంది. 179వ రోజున ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ల దగ్గర రెండు మాటలు రాతపూర్వకంగా తీసుకోండి. ఎంటర్‌ప్రైజ్‌కే పరిమితమైన సౌకర్యం ఏదైనా వాడుతున్నారా? మీ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ మీద పరీక్షించారు? 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచి టేబుల్ పార్టిషనింగ్, డేటా కంప్రెషన్ లాంటివి చాలా వరకు స్టాండర్డ్‌లోకీ వచ్చేశాయి. ఆ సంగతి తెలియక, పదేళ్ల కిందటి జాబితా పట్టుకుని ఇంకా ఎంటర్‌ప్రైజే కావాలనేవాళ్లు ఉన్నారు.

అసలు సంగతి: రెండో సర్వర్ ఏం చేస్తుంది?

యజమానికి నేను ఇలా చెప్పాను: "అన్నా, దొడ్లో కట్టేసిన ఎద్దుకు లెక్క లేదు. కాడి మెడ మీద పెట్టినారంటే దానికీ లెక్కే." ఆయనకు వ్యవసాయం ఉంది, వెంటనే పట్టుకున్నారు.

మైక్రోసాఫ్ట్ నియమం ఇది. మొదటి సర్వర్ లైసెన్స్‌కు సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (ఎస్‌ఏ) ఉంటే, అంటే ఏటా కట్టే ఆ కవచం ఉంటే, పనిలేకుండా కాచుకుని ఉండే (పాసివ్) రెండో సర్వర్‌కు విడిగా ఎస్‌క్యూఎల్ లైసెన్స్ అక్కర్లేదు. 2019 నవంబరు 1 నుంచి దీన్ని ఇంకా వెడల్పు చేశారు: పక్కనే ఉండి వెంటనే అందుకునేది ఒకటి, దూరంగా విపత్తు కోసం ఉంచేది ఒకటి, అజ్యూర్ క్లౌడ్‌లో విపత్తు కోసమే ఇంకొకటి. సబ్‌స్క్రిప్షన్‌గా కొన్నా ఈ హక్కులే వస్తాయి. ఎస్‌ఏ లేకుండా ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కుంటే మాత్రం, ఖాళీగా కూర్చున్న సర్వర్‌కూ పూర్తి లైసెన్స్ కట్టాలి. "ఖాళీ సర్వర్‌కు ఎప్పుడూ ఉచితమే కదా" అనే పాతకాలం వాళ్లు 2012 వెర్షన్ దగ్గర ఆగిపోయారు. 2014 వెర్షన్‌తోనే ఆ నియమం మారింది.

ఖాళీగా ఉండడం అంటే ఏమిటన్నది ముఖ్యం. ఆ కాచుకున్న సర్వర్ మీద పూర్తి బ్యాకప్, లాగ్ బ్యాకప్, డేటా చెక్కుచెదరలేదని చూసే పరీక్ష, సర్వర్ మీద భారం చూసుకోవడం వరకు ఒప్పుకుంటారు. ఒక్క రిపోర్టు అక్కడి నుంచి తీసినా అది పనిచేసే ఎద్దే. ఇంకో మెలిక: కాచుకున్న సర్వర్‌కు కావలసిన లైసెన్స్‌లు మొదటి సర్వర్ లెక్క దాటకూడదు. మొదటిదానికి ఎనిమిది కోర్లు, రెండోదానికి "భవిష్యత్తులో పనికొస్తుంది" అని పదహారు కోర్లు తెచ్చిపెడితే, ఆ మిగతా ఎనిమిదికీ డబ్బు కట్టాలి. అందుకే రెండూ ఒకే కొలతలో కొనండి.

మా ఆసుపత్రిలో ఇంతా తేలాక, లెక్కల గదిలో ఉండే ఆయన మెల్లగా అన్నాడు: "సార్, ఆ ఖాళీ సర్వర్ మీద నెలాఖరు రిపోర్టులు తీసుకుంటే బాగుంటుంది కదా." బాగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క వాక్యం ఖరీదు చూడండి. రెండో కాపీని చదవగలగడం ఎంటర్‌ప్రైజ్‌లోనే వస్తుంది. కాబట్టి ఎడిషన్ మారుతుంది, ధర దాదాపు నాలుగింతలవుతుంది. రెండో సర్వర్ పని చేస్తోంది కాబట్టి దానికీ లైసెన్స్, అంటే ఎనిమిదింతలకు దగ్గర. నెలాఖరు రిపోర్టును రాత్రి పదకొండుకు మొదటి సర్వర్ మీదే నడిపేలా పెట్టి ఆ ముచ్చట అక్కడితో ఆపాను. పగలే కావాల్సిన చోట అయితే, రాత్రి బ్యాకప్‌ను వేరే చిన్న సర్వర్‌లో ఎక్కించి, దానికి విడిగా స్టాండర్డ్ లైసెన్స్ కొనుక్కున్నా ఎంటర్‌ప్రైజ్ కన్నా ఎంతో చవక.

స్టాండర్డ్‌లో ఏ రకం క్లస్టర్?

రెండు దారులున్నాయి. ఒకటి ఫెయిలోవర్ క్లస్టర్ ఇన్‌స్టన్స్. రెండు సర్వర్లు, మధ్యలో ఇద్దరికీ ఒకే స్టోరేజ్. స్టాండర్డ్‌లో రెండు నోడ్‌ల వరకే కుదురుతుంది. మొత్తం ఇన్‌స్టన్స్, అంటే నడుస్తున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ మొత్తం, ఒకేసారి అటు మారుతుంది కాబట్టి లాగిన్లు, ఏజెంట్ పనులు, డేటాబేస్‌లన్నీ దానితోపాటే వెళ్తాయి. లోపం ఏమిటంటే, స్టోరేజ్ ఒక్కటే. అది పోతే రెండు సర్వర్లూ చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. దీనికి యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ (సంస్థ కంప్యూటర్ల లాగిన్లన్నీ ఒకేచోట చూసే విండోస్ ఏర్పాటు) కూడా ఉండాలి.

రెండోది బేసిక్ అవైలబిలిటీ గ్రూప్. 2016 వెర్షన్ నుంచి స్టాండర్డ్‌లో ఉంది. పాత డేటాబేస్ మిర్రరింగ్ స్థానంలోకి వచ్చింది. దీనిలో ఒక్కో సర్వర్‌కు దాని డిస్కులే, డేటా రెండు చోట్లా ఉంటుంది. ఖరీదైన స్టోరేజ్ అక్కర్లేదు. విండోస్ సర్వర్ 2016 నుంచి డొమైన్ లేకుండా కూడా నడిపించవచ్చు. అయితే హద్దులు గట్టివి: ఒక గ్రూపులో ఒకే డేటాబేస్, రెండే కాపీలు, రెండో కాపీని చదవలేరు, అక్కడ బ్యాకప్ కూడా తీయలేరు. చదివే వీలే లేదు కాబట్టి పొరపాటున లైసెన్స్ నియమం తప్పే భయమూ లేదు, అదొక మేలు.

మా ఆసుపత్రిలో బిల్లింగ్, ఫార్మసీ, ల్యాబ్ అని మూడు డేటాబేస్‌లు. గ్రూపులు ఎన్నయినా పెట్టుకోవచ్చు కాబట్టి మూడు గ్రూపులు చేయవచ్చు. కానీ అవి విడివిడిగా మారతాయి. ఫార్మసీ అటు వెళ్లి బిల్లింగ్ ఇటే ఉండిపోతే, మందు ఇచ్చి బిల్లులో ఎక్కించే పని మధ్యలో తెగుతుంది. మీ సాఫ్ట్‌వేర్ ఒక డేటాబేస్ నుంచి ఇంకోదాన్ని పిలుస్తుంటే ఇన్‌స్టన్స్ క్లస్టర్ వైపు మొగ్గండి. లేదా, ఒకటి మారగానే మిగతావీ మారేలా ఏజెంట్‌లో చిన్న పని రాసిపెట్టుకోండి. మేము ఈ రెండోదే చేశాం, స్టోరేజ్‌కు డబ్బు లేదు కాబట్టి. గ్రూపుల పద్ధతిలో లాగిన్లు, ఏజెంట్ పనులు వాటంతట అవి అటు పోవు. రెండు చోట్లా మీరే సరిగ్గా ఒకేలా పెట్టాలి. లాగిన్ పేరు ఒకటే అయితే సరిపోదు, లోపలి గుర్తింపు సంఖ్య కూడా కలవాలి.

రెండే కాపీలు కాబట్టి బేసిక్ గ్రూపుతో పక్క సర్వర్‌కైనా పంపాలి, దూరం ఊరికైనా పంపాలి. రెండూ కావాలంటే దూరానికి లాగ్ షిప్పింగ్ కలుపుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డు రావు. పక్కపక్కన ఉన్నవాటిని సింక్రనస్‌గా పెట్టండి. అప్పుడు ప్రతి ఎంట్రీ రెండు చోట్లా పడ్డాకే పూర్తయినట్టు లెక్క. కర్నూలు నుంచి కడపకో అనంతపురానికో లైను మీద పంపేటప్పుడు సింక్రనస్ పెట్టారంటే, లైను మందగించినప్పుడల్లా ఇక్కడ బిల్లింగ్ కూడా మందగిస్తుంది.

దూరం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు కింది అంతస్తులు మునిగిపోయాయి. అది చూసినవాళ్లు ఇప్పటికీ సర్వర్ గది కింద పెట్టరు. కానీ కొత్తగా కట్టే చోట్ల రెండు సర్వర్లూ ఒకే ర్యాక్‌లో, ఆ ర్యాక్ సెల్లార్‌లో పార్కింగ్ పక్కన కనిపిస్తూనే ఉంది. దానికి ఏ ఎడిషన్ కొన్నా ఒకటే.

కోర్లా, క్యాల్‌లా?

స్టాండర్డ్‌ను రెండు రకాలుగా అమ్ముతారు. కోర్ల లెక్కన అయితే రెండు కోర్ల ప్యాకుల్లో, ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం నాలుగు కోర్లు కొనాలి. వాడేవాళ్లు ఎందరైనా ఫర్వాలేదు. లేదా సర్వర్‌కు ఒక లైసెన్స్, దాన్ని వాడే ప్రతి మనిషికో ప్రతి కంప్యూటర్‌కో ఒక క్యాల్ (వాడుకునే లైసెన్స్). ఎంటర్‌ప్రైజ్ అయితే కోర్లే.

2022 వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ధరలతో చూద్దాం. మీకు దొరికే ధర వేరుగా ఉంటుంది గానీ నిష్పత్తి తెలుస్తుంది. స్టాండర్డ్ రెండు కోర్ల ప్యాక్ 3,945 డాలర్లు, ఎంటర్‌ప్రైజ్ ప్యాక్ 15,123. సర్వర్ లైసెన్స్ 989, ఒక్కో క్యాల్ 230. నాలుగు కోర్లు 7,890 అవుతాయి. ఆ డబ్బుకు సర్వర్‌తోపాటు 30 క్యాల్‌లు వస్తాయి. ఎనిమిది కోర్లు 15,780. ఆ డబ్బుకు 64 క్యాల్‌లు. అంటే ఎనిమిది కోర్ల సర్వర్ మీద 64 కంప్యూటర్లు దాటితే కోర్లు, తగ్గితే క్యాల్‌లు లాభం.

ఆదోనిలో ఒక పత్తి మిల్లులో 25 కంప్యూటర్లే. క్యాల్‌లతో 6,739 డాలర్ల లెక్క తేలింది, కోర్లతో అంతకు రెండింతలు పైన. అక్కడ క్యాల్‌లే తీసుకున్నాం. ఆసుపత్రిలో 70 కంప్యూటర్లు, క్యాల్‌లతో 17,089. కోర్లతో 15,780. తేడా కొంచెమే గానీ, ఇంకో సంగతి దాన్ని తేల్చేసింది: రోగులు ల్యాబ్ రిపోర్టులు ఫోన్‌లో చూసుకుంటారు. మధ్యలో వెబ్ సర్వర్ ఉంది, డేటాబేస్‌కు వచ్చే కనెక్షన్ ఒకటే కదా అని కొందరు ఒకే క్యాల్ చాలంటారు. చాలదు. మధ్యలో ఎన్ని తెరలు వేసినా, అటు చివరన ఉన్న మనుషులనే లెక్కపెట్టాలి. రోగులందరికీ క్యాల్‌లు కొనలేం, కాబట్టి కోర్లు. క్యాల్‌ల దారి పట్టేవాళ్లకు ఒక చిన్న మాట: మూడు షిఫ్టుల్లో నర్సులు ఒకే కంప్యూటర్ వాడే చోట మనిషి లెక్కన కాకుండా కంప్యూటర్ లెక్కన కొనండి.

ఇప్పుడు ఆ మొదటి కొటేషన్‌కు తిరిగి వద్దాం. ఎంటర్‌ప్రైజ్, 32 కోర్లు: 2,41,968 డాలర్లు. మేము రాసుకున్నది స్టాండర్డ్, ఎనిమిది కోర్లు, మొదటి సర్వర్‌కు మాత్రమే: 15,780, దానిపై ఏటా సుమారు నాలుగో వంతు ఎస్‌ఏ. యజమాని కాగితం రెండుసార్లు తిప్పి చూసి, కాఫీ తెప్పించారు.

సర్వర్ హార్డ్‌వేర్ కొనేటప్పుడే ఈ లెక్క గుర్తుంచుకోండి. కోర్లు తక్కువ, వేగం ఎక్కువ ఉన్న ప్రాసెసర్ తీసుకోండి. హార్డ్‌వేర్‌లో మిగిల్చిన ఐదారు వేలు లైసెన్స్‌లో లక్షల ఖర్చై తిరిగొస్తాయి. వర్చువల్ మెషిన్‌లో (ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌లో) పెడితే ఒక్కోదానికి కనీసం నాలుగు కోర్లు లెక్కిస్తారు. 2022 వెర్షన్ నుంచి అలా మెషిన్ లెక్కన కొనాలంటే ఎస్‌ఏ గానీ సబ్‌స్క్రిప్షన్ గానీ తప్పనిసరి. ఎస్‌ఏ లేని లైసెన్స్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి 90 రోజులకు ఒక్కసారే మార్చవచ్చన్నది కూడా గమనించండి. వర్చువల్ మెషిన్లు అటూ ఇటూ తిరుగుతుండే చోట ఇది మెడకు చుట్టుకుంటుంది.

విండోస్ లెక్క, మూడో ఓటు

విండోస్ సర్వర్‌ను మరిచిపోయేవాళ్లే ఎక్కువ. క్లస్టర్ సౌకర్యం 2012 నుంచి విండోస్ స్టాండర్డ్‌లోనే ఉంది. డేటాసెంటర్ ఎడిషన్ కావాలని ఎవరైనా అంటే ఎందుకని అడగండి. రెండు సర్వర్ల లోపలి డిస్కులను కలిపి ఒకే స్టోరేజ్‌గా చేసే స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ వాడుతుంటే తప్ప ఇలాంటి చోట్ల దాని అవసరం దాదాపు రాదు. మామూలు కొనుగోలులో ఖాళీ సర్వర్‌కూ విండోస్ లైసెన్స్ లెక్కేసుకోండి. ఒక్కో సర్వర్‌కు కనీసం 16 కోర్లు. విండోస్ క్యాల్‌లు వేరే.

రెండు నోడ్‌ల క్లస్టర్‌లో ఓట్లు రెండే. ఒకరికొకరు కనిపించకపోతే ఎవరు బతికున్నారో తేల్చడానికి మూడో ఓటు కావాలి. దాన్నే విట్‌నెస్ అంటారు. ఒక షేర్ ఫోల్డర్ చాలు, దానికి ఎస్‌క్యూఎల్ లైసెన్స్ అక్కర్లేదు. నేను చేసిన తప్పు ఇక్కడే. మొదట్లో ఒక చోట ఆ ఫోల్డర్‌ను ఒక వర్చువల్ మెషిన్‌లో పెట్టాను. ఆ మెషిన్ ఉన్నది మొదటి నోడ్ నడిచే పెట్టెలోనే. కరెంటు పోయింది, ఆ పెట్టె యూపీఎస్ చేతులెత్తేసింది, ఒక్క దెబ్బకు మూడింటిలో రెండు ఓట్లు పోయాయి. రెండో సర్వర్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, డేటాబేస్ మాత్రం లేవలేదు. విట్‌నెస్‌ను వేరే గదిలో, వేరే యూపీఎస్ మీద ఉన్న ఏ చిన్న మెషిన్‌లోనైనా పెట్టండి. లేదా ఇంటర్నెట్ లైను నమ్మకమైనదైతే అజ్యూర్‌లో పెట్టండి.

ఒరాకిల్ ఉంటే, అసలు డబ్బే పెట్టొద్దంటే

ఒరాకిల్ స్టాండర్డ్ ఎడిషన్ 2 రెండు ప్రాసెసర్ల సర్వర్ల వరకే. ఒక డేటాబేస్ ఏకకాలంలో 16 థ్రెడ్‌లే వాడుతుంది. 12సీ, 18సీ వెర్షన్లలో దానితోపాటే ర్యాక్ (RAC, ఒకే డేటాబేస్‌ను ఒకేసారి పలు సర్వర్ల మీద నడిపే) క్లస్టర్ వచ్చేది. 19సీలో తీసేశారు. పాత 12సీ మీద ర్యాక్ నడుపుతూ, అప్‌గ్రేడ్ అయిపోయాక ఈ సంగతి తెలుసుకునేవాళ్ల ముఖం చూడలేం. దానికి బదులు 19.7 నుంచి స్టాండర్డ్ ఎడిషన్ హై అవైలబిలిటీ ఇచ్చారు: ఒకే ఇన్‌స్టన్స్, ఉమ్మడి స్టోరేజ్, ఒక సర్వర్ పోతే ఇంకోదానిలో లేస్తుంది. ఉమ్మడి స్టోరేజ్ ఉన్న ఇలాంటి క్లస్టర్‌లో, లైసెన్స్ లేకుండా కాచుకుని ఉండే ఒక సర్వర్ మీద క్యాలెండర్ సంవత్సరంలో పది రోజుల వరకు నడుపుకోవచ్చు. మంగళవారం రెండు గంటలు, శుక్రవారం మూడు గంటలు నడిస్తే ఐదు గంటలు కాదు, రెండు రోజులు. ప్యాచ్‌లు వేయడానికి అటు మార్చిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. డేటా కాపీని అవతలి సర్వర్‌కు పంపుతూ ఉండే డేటా గార్డ్‌కు ఈ సడలింపు లేదు. అది ఎంటర్‌ప్రైజ్‌కే పరిమితం, అవతలి సర్వర్‌కూ పూర్తి లైసెన్స్.

పోస్ట్‌గ్రెస్‌కు లైసెన్స్ ఖర్చు సున్నా, ఎడిషన్ల గొడవ లేదు. ప్యాట్రోని (సర్వర్ మార్పు చూసుకునేది), ఈటీసీడీ (ఓట్లు తేల్చేది) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జంటతో నడిచే క్లస్టర్లు గట్టిగానే ఉంటాయి. మూడు ఓట్ల కోసం మూడో మెషిన్ చిన్నదైనా చాలు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌లోనే ఇన్నోడీబీ క్లస్టర్ అనే ఏర్పాటు ఉంది. ఒకటి పోయినా నిలబడాలంటే కనీసం మూడు సర్వర్లు కావాలి, ప్రతి టేబుల్‌కూ ప్రైమరీ కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తించే అంకె లాంటిది) ఉండాలి. చిక్కు లైసెన్స్‌లో కాదు, మనిషిలో. లినక్స్ మీద ఇది చూసుకోగల కుర్రాడు అనంతపురంలో దొరికితే ఆర్నెల్లలో బెంగళూరు బస్సెక్కుతాడు. కాబట్టి ఇద్దరికి నేర్పించండి, ప్రతి అడుగూ కాగితం మీద రాయించండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను లైసెన్స్ మిగులుతుందని ఇటు తిప్పే ఆలోచన మాత్రం మానుకోండి. కొత్తగా రాయిస్తుంటే పోస్ట్‌గ్రెస్ మీదే రాయించండి.

కొటేషన్ అడిగేటప్పుడు

"క్లస్టర్‌కు ఎస్‌క్యూఎల్ ఎంత?" అని అడగకండి. వెర్షన్, ఎడిషన్, ఎన్ని రెండు కోర్ల ప్యాకులు, ఎస్‌ఏ ఉందా లేక ఎన్నేళ్ల సబ్‌స్క్రిప్షన్, విండోస్ ఎన్ని కోర్లు, క్యాల్‌లు ఎన్ని, ఇవన్నీ విడి వరుసల్లో రాసివ్వమనండి. రెండో సర్వర్ ఎదురుగా "పాసివ్, లైసెన్స్ అక్కర్లేదు" అని వాళ్ల చేతే రాయించండి. పాత వెర్షన్‌కు దిగే హక్కు ఉందో లేదో అడగండి. మీ సాఫ్ట్‌వేర్ 2019 మీదే పరీక్షించి ఉంటే, కొత్తది కొని పాతది నడుపుకోవాల్సి రావచ్చు. 2016 వెర్షన్ మాత్రం తీసుకోవద్దు, దాని సపోర్టు గడువు 2026 జులై 14. 2019కి 2030 జనవరి 8 వరకు, 2022కి 2033 జనవరి 11 వరకు ఉంది.

జీఎస్టీ 18 శాతం. పత్తి మిల్లు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తెచ్చుకుంటుంది. ఆసుపత్రి వైద్య సేవలకు జీఎస్టీ లేదు కాబట్టి ఆ క్రెడిట్ చాలావరకు రాదు, అది నికరంగా ఖర్చే. బడ్జెట్ వేసేటప్పుడు మీ ఆడిటర్‌ను ఒక మాట అడగండి.

చివరగా: వైరు పీకండి

ఆదివారం మధ్యాహ్నం, ముందు పూర్తి బ్యాకప్ తీసుకుని, మొదటి సర్వర్ కరెంటు వైరు పీకండి. మెనూలోంచి మర్యాదగా మార్చడం పరీక్ష కాదు. గడియారం చూసి, బిల్లింగ్ ఎన్ని సెకన్లకు తిరిగి లేచిందో రాసుకోండి. క్లస్టర్ ఉంది కదా అని రోజువారీ బ్యాకప్ మానకండి. ఎవరైనా పొరపాటున ఒక టేబుల్ తుడిచేస్తే, క్లస్టర్ దాన్ని అంతే శ్రద్ధగా రెండో చోటా తుడిచేస్తుంది.

ఆసుపత్రిలో మేము వైరు పీకినప్పుడు బిల్లింగ్ 40 సెకన్లలో లేచింది. ఫార్మసీ కూడా. ల్యాబ్ లేవలేదు. రక్తపరీక్షల యంత్రానికి కట్టిన పాత కంప్యూటర్‌లో మొదటి సర్వర్ ఐపీ నంబరే నేరుగా రాసిపెట్టి ఉంది. దాన్ని లిజనర్ పేరుకు (ఏ సర్వర్ నడుస్తుంటే దానికి దారి చూపే ఉమ్మడి పేరుకు) మార్చి, వచ్చే ఆదివారం మళ్లీ పీకాం.